సొంతింటి శాతం, అద్దె దారిద్ర్యం

2011 జనగణనకు ముందు ఇళ్ల జాబితా తయారుచేసేటప్పుడు ప్రతి కుటుంబాన్నీ అడిగిన ప్రశ్నల్లో ‘ఈ ఇల్లు సొంతమా, అద్దెదా, రెండూ కాదా’ అన్నది ఒకటి కాగా, దేశంలో 86.6 శాతం కుటుంబాలు సొంతమనీ, 11.1 శాతం అద్దె అనీ, మిగిలిన 2.3 శాతం రెండూ కాదనీ జవాబిచ్చాయి. పల్లెల్లో సొంతింటివారి వాటా 94.7 శాతానికి ఎగబాకితే పట్టణాల్లో అది 69.2 శాతం దగ్గరే ఆగిపోయింది. సొంతిల్లే కలిమికి కొలబద్ద అని నమ్మే పండితులు ఈ లెక్కను ఐరోపాకు కూడా వర్తింపజేయడం న్యాయం. ఎందుకంటే స్విట్జర్లాండ్‌లో సొంతింట్లో ఉండేవారు సగం మంది కూడా లేరు, జర్మనీ సగం దగ్గరే తచ్చాడుతోంది, రుమేనియా మాత్రం 90 శాతం దాటి కూర్చుంది. ఈ సిద్ధాంతం ప్రకారం పాలమూరు పల్లెలు చందాలు పోగుచేసి జ్యూరిచ్ నగరపు నిరుపేదలకు పంపవలసి ఉండగా, పాలమూరు జనమే దశాబ్దాలుగా పని వెతుక్కుంటూ ముంబై బస్సెక్కుతూ రావడం ఆ పండితులు ఇంకా వివరించని విశేషం.

అసలు కిటుకు ప్రశ్నలోనే ఉంది. గణకుడు అడిగేది కుటుంబం ప్రస్తుతం ఉంటున్న ఇంటి గురించే గాని, దానికి మరెక్కడ ఏ ఇల్లుందన్న సంగతి కాదు. కుటుంబమంటే జనగణన పరిభాషలో ఒకే వంటగదిలో వండుకు తినేవారు. కాబట్టి కొడుకు కూకట్‌పల్లిలో రెండు గదుల పోర్షన్ తీసుకుని పాలు పొంగించిన మరుక్షణం ఒక కుటుంబం రెండై, ఊళ్లో మిగిలిన ముసలి తల్లిదండ్రులు సొంతింటి గడిలోనూ, నెలనెలా వాళ్లకు మందుల ఖర్చు పంపే కొడుకు అద్దె గడిలోనూ చేరతారు. పని లేని ఊళ్లో సొంతింటి శాతం అలా కళకళలాడుతుంటే, పని దొరికే పేటలో అద్దె శాతం పెరిగి ఆ పేట పరువు తీస్తుంది. ఏ ప్రాంతంలోనైనా అద్దె శాతాన్ని తగ్గించాలని పాలకులు గట్టిగా సంకల్పిస్తే అందుకు ఖర్చులేని మార్గం ఒకటుంది: అక్కడి ఉద్యోగాలు ఎత్తేస్తే చాలు, టులెట్ బోర్డులకు బదులు తాళాలు వేలాడతాయి.

అమీర్‌పేట విషయం మరింత చిత్రమైనది. ఒక గదిలో నాలుగు మంచాలు వేసి, మంచానికింత అని వసూలు చేసే హాస్టళ్లు అక్కడ సందుసందునా ఉన్నాయి. కోచింగ్ కోసం వచ్చినవారూ, కోచింగ్ పూర్తయి ఉద్యోగం కోసం ఎదురుచూసేవారూ, ఉద్యోగం వచ్చినా మంచం వదలలేనివారూ వాటిలో ఉంటారు. బంధుత్వం లేకుండా ఒక సంస్థలో కలిసి ఉండేవారిని జనగణన ‘సంస్థాగత కుటుంబం’ అంటుంది, ఆ జాబితాలో హాస్టళ్లతో పాటు జైళ్లు, ఆశ్రమాలు కూడా ఉంటాయి. సొంతం, అద్దె పట్టికలు తయారుచేసేటప్పుడు ఈ సంస్థాగత కుటుంబాలను మినహాయిస్తారు కనుక, నెల మొదటి వారంలోనే వార్డెన్ తలుపు తట్టి డబ్బు పుచ్చుకున్న మనిషి అద్దె గడికి కూడా నోచుకోడు. ఖైదీకి, సన్న్యాసికి, గ్రూప్స్ అభ్యర్థికి గణాంకశాస్త్రం ఇచ్చిన ఈ సమానత్వాన్ని రాజ్యాంగ నిపుణులు ఇంతవరకు గుర్తించలేదు. అనుభవించేవారు మాత్రం, ముఖ్యంగా సాంబారు విషయంలో, గుర్తించే ఉంటారు.

ఇక సొంతింటివారి సంగతి. వాయిదాల మీద కొన్న ఫ్లాటు, వాయిదాలు తీరకపోయినా, సొంతం కిందికే వస్తుంది. పత్రాలు బ్యాంకు బీరువాలో, ఇంటాయన జీతం బ్యాంకు ఖాతాలో, ఇంటాయన మాత్రం ఇంట్లో ఉండే ఈ ఏర్పాటు 20 ఏళ్లు సాగుతుంది. అద్దెకున్నవాడు ఇంటి యజమాని నస భరించలేకపోతే నెల ముందు చెప్పి సామాను సర్దుకోవచ్చు. వడ్డీ పెంచిన బ్యాంకు మీద అలిగి ఫ్లాటు భుజాన వేసుకుని పోయినవారు లేరు.

పట్టణాల్లో 1961లో 54 శాతంగా ఉన్న అద్దె కుటుంబాల వాటా 2011 నాటికి 27.5 శాతానికి దిగడాన్ని కూడా సొంతింటి విజయంగానే చెప్పుకోవచ్చు, వెనక ఉన్న కథను అడగకుండా ఉంటే. అద్దెదారును ఇష్టం వచ్చినట్టు వెళ్లగొట్టకుండా, అద్దె అడ్డగోలుగా పెంచకుండా చాలా రాష్ట్రాలు అద్దె నియంత్రణ చట్టాలు చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో అది 1960లో వచ్చింది. ఒకసారి దిగినవాడు లేవడేమోనన్న భయంతో యజమానులు ఇల్లు ఇవ్వడం కంటే తాళం వేయడమే మేలనుకున్నారు. కారణం అదొక్కటే కాకపోయినా, 2011లో పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు లెక్కకు వచ్చింది. ఇచ్చినవారు కూడా ఒప్పందాన్ని 11 నెలలకే కుదించారు, ఏడాది మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది కనుక. ఒకే ఇంట్లో పదేళ్లున్న కుటుంబం కూడా కాగితాల మీద 11 నెలలకోసారి కొత్తగా దిగుతూ ఉండటానికి కారణమిదే. అడ్వాన్సు రెండు నెలల అద్దె మించరాదని 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం రాసింది. నమూనా అంటే రాష్ట్రాలు ఇష్టమైతే అనుసరించేది, బెంగళూరు యజమానులు ఇష్టంగా చదివేది.

అద్దె ఏటా పెరుగుతున్నా అద్దె శాతం మాత్రం 2011 దగ్గరే స్థిరపడింది, 2021లో జరగవలసిన జనగణన 2027కు జరిగింది గనుక. కొత్త లెక్కలో శాతాలు ఎటు మొగ్గినా ‘రెండూ కాదు’ అన్న మూడో గడికి ఢోకా లేదు. కొననూ కొనక, అద్దే కట్టక, పదవి పోయినా క్వార్టర్స్ వదలని మాజీలకు నప్పే గడి అదొక్కటే, వారి దగ్గరికి వెళ్లే గణకుడు మాత్రం గేటు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.