ఇసుక మీద కేసు

రేగొండ వాళ్లకు గోదావరి రోజూ కనబడుతుంది. భూపాలపల్లి నుంచి పరకాల పోయే ఇసుక లారీల వెనక, డోరు సందుల్లోంచి రోడ్డు పొడుగునా కారిపోతూ. అందుకే మేడిగడ్డ బ్యారేజీ కింద ఇసుక కొట్టుకుపోయిందని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ తేల్చినప్పుడు ఇక్కడెవరూ నోరెళ్లబెట్టలేదు. పోయే ఇసుకను చూడటం మాకు అలవాటే. (ఆ ఇసుక వేరు, ఈ ఇసుక వేరు. లారీ ఓనర్లు కంగారు పడొద్దు.)

2016 మే 2న కాళేశ్వరం ప్రాజెక్టుకు శంకుస్థాపన, 2019 జూన్ 21న ప్రారంభోత్సవం. ఆ ప్రాజెక్టు కింద మూడేళ్లలో మేడిగడ్డ దగ్గర గోదావరికి అడ్డంగా కిలోమీటరున్నర కట్టడం లేచింది. 85 గేట్లు, 16 టీఎంసీలు. ప్రపంచంలోనే అతిపెద్ద ఎత్తిపోతల పథకమన్నారు. ఒక్కరోజులో ఎంత కాంక్రీటు పోశారో కూడా ఘనంగా చెప్పుకున్నారు. రికార్డులన్నీ పైకి కనబడేవాటికే. పునాది కింద ఊట ఎంతుందో కొలిచే పనికి రికార్డూ లేదు, రిబ్బనూ లేదు. కొలబద్ద పక్కన నిలబడి ఫొటో దిగిన మంత్రిని మీరెప్పుడైనా చూశారా?

2023 అక్టోబరు 21 సాయంత్రం పెద్ద చప్పుడుతో ఏడో బ్లాకు పియర్లు కుంగాయి. ఇంజనీర్లు తొందరపడి చేసిన పని మహదేవపూర్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇవ్వడం. విద్రోహుల పని కావచ్చట. తీరా చూస్తే అక్కడ పని కానిచ్చింది నీళ్లు.

బ్యారేజీ నిలబడింది ఇసుక మీద. ఆ ఇసుక జారిపోకుండా కాంక్రీటు పైళ్లను ఒకదాన్నొకటి కరుచుకునేలా వరసగా భూమిలోకి దింపి గోడ చేస్తారు. సీకెంట్ పైళ్లంటారు. ఎక్కడ సందు మిగిలినా చాలు, ఎగువన నిలిచిన నీటి ఒత్తిడికి అడుగున ఊట పుట్టి, రేణువు రేణువుగా ఇసుకను లాక్కుపోతుంది. పైగా బ్యారేజీ నీళ్లు మళ్లించడానికి కట్టేదే గానీ, చెరువులా నింపి పెట్టుకోవడానికి కాదు. 2019 వరదకే దిగువన కాంక్రీటు దిమ్మెలు చెదిరాయి. అంటే నది నాలుగేళ్ల ముందే నోటీసు ఇచ్చింది. ఇక్కడ నోటీసు ఇవ్వడం వరకే ఆనవాయితీ, జవాబు రాయడం కాదు. భద్రతా సంస్థ 20 అంశాల మీద సమాచారం అడిగితే మనవాళ్లు 11 ఇచ్చారు. మిగతా తొమ్మిదీ ఇసుకతోనే పోయాయి కాబోలు.

మాకు దగ్గర్లోనే పాలంపేట ఉంది. అక్కడి రామప్ప గుడి కూడా ఇసుక మీదే నిలబడింది, 1213 నుంచి. గుంత తీసి, ఇసుక నింపి, అది కదలకుండా బిగించారు. కట్టడానికి 40 ఏళ్లు పట్టిందంటారు. 2021 జూన్‌లో కాళేశ్వరం ఘనత డిస్కవరీ చానల్‌కెక్కింది. మరుసటి నెలే యునెస్కో రామప్పను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఒకరికి రెండేళ్లకే సన్మానం, ఇంకొకరికి ఎనిమిది వందల ఏళ్లకు. టీ కొట్టు దగ్గర ఈ లెక్క చెబితే ఓ పెద్దమనిషి తేల్చేశాడు. "రేచర్ల రుద్రునికి ఎలక్షన్లు లేకుండె తమ్మీ. గందుకే నిమ్మలంగ కట్టిండు."

కాళేశ్వరం మీద విచారణకు జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ 2024 మార్చిలో ఏర్పడి, 2025 జూలై 31న నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత వ్యవహారం సీబీఐ దాకా పోయింది. ప్రారంభోత్సవం రోజు శిలాఫలకం మీద పేర్లకు చోటు చాలదు. విచారణ రోజు మాత్రం అందరూ సంతకం పెట్టినవాళ్లే, నిర్ణయం తీసుకున్నవాడు ఒక్కడూ దొరకడు.

మేడిగడ్డ ఉన్నది మా జిల్లాలోనే. నీళ్లు మాత్రం అన్నారం, సుందిళ్ల మీదుగా ఎల్లంపల్లికి ఎక్కేవి. రేగొండ పత్తి చేను మొగులు వైపు చూస్తూనే ఉంటుంది. నిండినప్పుడు రాని నీళ్లు ఎండినప్పుడు రాకపోతే మాకు పోయేదేముంది? 2024 ఫిబ్రవరి 13న ముఖ్యమంత్రి ఎమ్మెల్యేలను బస్సుల్లో తెచ్చి కుంగిన పియర్లు చూపించారు. మార్చి 1న ప్రతిపక్షం తన బస్సుల్లో తను వచ్చి చూసిపోయింది. కొత్త ఆయకట్టు లెక్క ఇంకా తేలలేదు గానీ, సందర్శకుల ఆయకట్టు మాత్రం రెండు పంటలకూ స్థిరీకరణ అయిపోయింది.