కోర్సు కొనేముందు చూడకూడనివి

వెబ్‌సైట్ పెట్టి ఇంట్లో కూర్చుని సంపాదించడం ఎలాగో నేర్పే కోర్సు ఒకటి కొనాలని మీకు అనిపించిందంటే, అప్పటికి రాత్రి పదకొండు దాటి ఉంటుంది. ఆ రోజు ఆఫీసులో ఎవరో ఏదో అని ఉంటారు. ఇంట్లో అందరూ నిద్రపోయి ఉంటారు. మంచి ముహూర్తం, దాటనివ్వకండి. తెల్లారి కాఫీ తాగాక ఇలాంటి కోర్సు కొన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.

నేనూ ఒకటి కొన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: కొనడం సులువే, చూడటంతోనే వస్తుంది చేటంతా. ఫలానా ఫలానావి చూశామా, కార్డు మీదికి వెళ్లిన చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. కాబట్టి ఏవేవి చూడకూడదో వరసగా చెబుతాను. వరస తప్పితే మన్నించండి, నా కోర్సులో మాడ్యూళ్లు కూడా అలాగే ఉండేవి.

ముందు గడియారం సంగతి. పేజీ నెత్తిన ఎర్ర అంకెలు పరిగెడుతుంటాయి. అవి సున్నాకి వచ్చేలోగా కొనకపోతే 49,999 రూపాయల కోర్సు 4,999కి దొరకదు. ఆ అంకెల్ని భక్తితో చూడండి గానీ, అదే పేజీని ఇన్‌కాగ్నిటో విండోలో మాత్రం తెరవకండి. తెరిచారంటే గడియారం మళ్లీ పదిహేను నిమిషాల నుంచి మొదలవుతుంది. వచ్చే వారం తెరిచినా అంతే. సంక్రాంతికి తెరిచినా అంతే. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌లు కూడదంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 13 రకాల మాయలున్నాయి. మొట్టమొదటిది ఇదే, లేని తొందర పెట్టడం. మూడోది నాకు మరీ ఇష్టం: వద్దనేవాణ్ని సిగ్గుపడేలా చేయడం. నా పేజీలో "అవును, నాకు ఆర్థిక స్వేచ్ఛ కావాలి" అని అరచేయంత పచ్చ బటన్ ఉండేది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో "వద్దు, జీతం మీదే బతుకుతాను" అని. ఇరవై ఏళ్లుగా జీతం మీదే బతుకుతున్నవాణ్ని, ఆ రాత్రి తొలిసారి సిగ్గేసింది.

4,999 అన్నచోట పక్కన ప్లస్ జీఎస్టీ అని కూడా ఉంటుంది, 18 శాతం. అదీ చూడకండి. 5,899 అనేసరికి ఆ తొమ్మిదుల అందం పోతుంది.

తర్వాత, సంపాదన స్క్రీన్‌షాట్లు. నెలకు ఆరు లక్షలు, పదకొండు లక్షలు, బాణం గుర్తు, ఎర్ర సున్నా చుట్టి ఉంటుంది. నమ్మండి. బ్రౌజర్‌లో రైట్ క్లిక్ కొట్టి 'ఇన్‌స్పెక్ట్' అంటే తెర మీద ఏ అంకెనైనా మార్చుకోవచ్చన్న సంగతి మీకు తెలియకపోవడమే మంచిది. మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదో తరగతి పిల్లాడు అర నిమిషంలో నా బ్యాంకు ఖాతాలో కోటి రూపాయలు వేసి చూపించాడు. పేజీ రిఫ్రెష్ చేసేదాకా కోటీశ్వరుణ్నే.

ఒకవేళ ఆ అంకె నిజమే అయినా దాంతో తీరిపోదు. ప్రకటనలకు ఎంత పోశారు, పోను మిగిలిందెంత అని అడగాలనిపిస్తుంది. అంతకంటే చెడ్డ ప్రశ్న ఇంకొకటుంది: ఈ డబ్బు ఏ వెబ్‌సైట్ మీద వచ్చింది? సారు కట్టిన పది సైట్ల మీదా, లేక మీరు ఇప్పుడు చూస్తున్న ఈ ఒక్క సైటు మీదా? ఈ ప్రశ్న వేసుకున్నవాడు ఇక కోర్సు కొనలేడు. వేసుకోకండి.

ఇక్కడ కాస్త పాత సంగతి చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో కోర్సులంటే అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనపడకుండా ఫ్లెక్సీలు, నడుస్తుంటే చేతిలో కరపత్రాలు. ఎక్కడ చూసినా ఫ్రీ డెమో. సారు బోర్డు మీద ప్రోగ్రాం రాసి, సిస్టంలో కొట్టి రన్ చేస్తే ఎర్రర్ వచ్చేది. ఆ ఎర్రర్‌తో ఆయన ఏం చేస్తాడన్నదే మాకు పరీక్ష. నవ్వుకుంటూ వెతికి పట్టుకున్నాయనకు ఫీజు కట్టేవాళ్లం. చెమటలు పట్టినాయన దగ్గర టీ తాగొస్తామని మెట్లు దిగి పక్క బిల్డింగ్ ఎక్కేవాళ్లం. అలా డెమోలతోనే నెల గడిపేసిన మహానుభావులు మా రూములోనే ఇద్దరుండేవారు. ఇరుకు గదులు, జిరాక్స్ మెటీరియల్, ఏమైనా అనండి, అక్కడ మనిషి మన ఎదురుగా తప్పు చేసేవాడు.

వెబినార్‌లో తప్పు జరగదు. నేను 99 రూపాయలు కట్టి కూర్చున్న లైవ్ వెబినార్ రెండు గంటలు నడిచింది. అందులో గంటన్నర సారు అద్దె కట్టలేని రోజులే. చాట్‌లో "మీరు నడిపే సైటు ఒకదాని అడ్రసు చెబుతారా" అని రాశాను. నా పైనా కిందా మంట బొమ్మలు, 'ఎస్ సర్'లు. సారు కెమెరాలోకి చూసి చిరునవ్వు నవ్వి, "గ్రేట్ క్వశ్చన్, రమేష్ గారూ" అన్నారు. నా పేరు రమేష్ కాదు. ఆ ఆదివారం మళ్లీ చూసినప్పుడు కూడా రమేష్ గారు అదే నిమిషంలో అదే ప్రశ్న అడిగారు.

సారు వయసు చూడండి, వాచీ చూడండి, వెనకాల కారు చూడండి. డొమైన్ వయసు మాత్రం చూడకండి. హూయిజ్ అని ఒక సదుపాయం ఉంది. ఏ సైటు పేరైనా ఎప్పుడు రిజిస్టర్ అయిందో నిమిషంలో చెప్పేస్తుంది. పదేళ్ల అనుభవం అన్నాయన డొమైన్‌కి ఇంకా అన్నప్రాశన కాలేదని తేలితే మనసు కష్టపడుతుంది. ఇంతకంటే దుర్మార్గమైంది వేబ్యాక్ మెషీన్. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు 2001 నుంచి జనానికి తెరిచి పెట్టిన పాత పేజీల కొట్టు అది. అందులో మా సారు సైటు పోయినేడాది ఎలా ఉందో వెతికాను. అదే కారు, అదే నవ్వు, క్రిప్టో నేర్పుతున్నారు. అంతకు ముందు బరువు తగ్గించేవారు. అన్నిట్లోనూ సీట్లు 17 మాత్రమే మిగిలి ఉన్నాయి.

సిలబస్‌కి వద్దాం. నా కోర్సులో మొదటి మాడ్యూల్ 'మైండ్‌సెట్'. పొద్దున్నే నాలుగింటికి లేవాలి. రెండోది కలల చిత్రపటం, చార్టు మీద విల్లా బొమ్మ అంటించాలి. డొమైన్ కొనడం తొమ్మిదో మాడ్యూల్‌లో వచ్చింది. పదోది వర్డ్‌ప్రెస్ పెట్టడం. అది 2003 నుంచి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, హోస్టింగ్ వాళ్ల ప్యానెల్‌లో ఒక బటన్ నొక్కితే దానంతటదే కూర్చుంటుంది. సెర్చ్‌లో కనపడటం ఎలాగో గూగుల్ వాళ్లే ఒక ప్రాథమిక గైడు రాసి ఊరికే పెట్టారు. ఇవన్నీ తెలిస్తే మిగిలేది మైండ్‌సెట్టే కాబట్టి తెలుసుకోవద్దు.

ఆ తొమ్మిదో మాడ్యూల్‌లోనే ఒక రత్నం ఉంది. హోస్టింగ్ కొనాలంటే వీడియో కింద ఉన్న లింకు నుంచే కొనాలి, వేరే దారిన పోకూడదు, నాలుగేళ్లకు ఒకేసారి కడితే చవక. కట్టాను. నేను కట్టినదాంట్లో సారుకి కమిషన్ వెళ్లిందని, దాన్నే అఫిలియేట్ మార్కెటింగ్ అంటారని ఇరవై రెండో మాడ్యూల్‌లో తెలిసింది. నిజం చెప్పొద్దూ, మొత్తం కోర్సులో ప్రాక్టికల్‌గా నేర్పిన పాఠం అదొక్కటే, అందులో ప్రయోగ వస్తువుని నేను.

ఇరవై ఎనిమిదో మాడ్యూల్‌లో సారు సైటుకి ఎంతమంది వస్తున్నారో చూపించారు. తెర మీద ఉన్నది యూనివర్సల్ అనలిటిక్స్. మామూలు సైట్ల లెక్కలు తీసుకోవడం అది 2023 జులై 1న మానేసింది. అంటే పాఠం ఎప్పటిదో అర్థమైంది కదా. పాత బియ్యం అన్నం బాగుంటుందని సరిపెట్టుకున్నాను.

ఇక లెక్క. దీన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి, నేను వేశాను కాబట్టి చెబుతున్నాను. తెనాలిలో మా పిన్ని ఆవకాయ పెడుతుంది. దాని మీద తెలుగులో ముప్పై వ్యాసాలు రాసి, యాడ్‌సెన్స్ ప్రకటనలు పెట్టి, జనం వచ్చాక సీసాలు అమ్మడం నా ప్రణాళిక. 2018 నుంచి గూగుల్ తెలుగు పేజీలకూ ప్రకటనలు ఇస్తోంది కాబట్టి అడ్డేమీ లేదు. వెయ్యి సార్లు పేజీ తెరిస్తే అర డాలరు వస్తుందనుకుందాం. గూగుల్ 100 డాలర్లు పోగయ్యేదాకా డబ్బు పంపదు. అంటే రెండు లక్షల సార్లు ఎవరో ఒకరు నా ఆవకాయ వ్యాసాలు తెరవాలి. నాకు రోజుకు యాభై వచ్చేవి. రెండు లక్షల్ని యాభైతో భాగిస్తే నాలుగు వేల రోజులు, పదకొండేళ్లు. ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్న మా వాడు ఇంటర్ రెండో ఏడుకి వస్తాడు. అప్పుడు ఆ డబ్బుతో వాడికి ఏ కోర్సు కొనిపెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

అసలు పది డాలర్లకే ఒక ముచ్చట ఉంది. అప్పుడు గూగుల్ వాళ్లు ఇంటి చిరునామా నిజమో కాదో చూడటానికి పోస్టులో ఒక పిన్ నంబరు పంపుతారు. ఏడాది దాటాక వచ్చింది నాకది. అమ్మ పసుపు బొట్టు పెట్టి దేవుడి దగ్గర ఉంచింది. ఆ మధ్యే, 2024 ఆగస్టులో, మన దేశంలో కూడా వెతికిన ప్రశ్నకు గూగుల్ తనే ఏఐ జవాబు పైన పెట్టడం మొదలైంది. ఆవకాయ ఎన్నాళ్లు ఊరాలో అక్కడే తెలిసిపోతుంటే నా వ్యాసం గడప తొక్కేదెవరు? రోజుకు యాభై కాస్తా పదకొండయింది. అందులో ముగ్గురం మా ఇంట్లోవాళ్లమే.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. సక్సెస్ స్టోరీలో కనిపించే కుర్రాడి సైటు చూడకండి. నేను చూస్తే అతను అమ్ముతున్నది ఈ కోర్సునే, సగం కమిషన్‌కి. అతని కింద చేరినవాళ్లూ అదే అమ్ముతున్నారు. సరుకంటూ వేరే లేదు, చేరేవాళ్లే సరుకు. మనీ సర్క్యులేషన్ స్కీములను నిషేధిస్తూ పార్లమెంటు 1978లోనే చట్టం చేసిందని గ్రూపులో పెడితే, అప్పటికి ఇంటర్నెట్ లేదు కాబట్టి మనకు వర్తించదని అడ్మిన్ ఓపిగ్గా వివరించాడు. నో కాస్ట్ ఈఎంఐ కాగితాలు చదవకండి. ఆ అప్పు ఇచ్చేది కోర్సువాళ్లు కాదు, ఫైనాన్స్ కంపెనీ. మీరు కోర్సు మానేసినా వాళ్లు మానరు, సిబిల్ స్కోరుకు మైండ్‌సెట్ అంటే తెలియదు. పద్నాలుగు రోజుల్లో రిఫండ్ అన్నారంటే నిశ్చింతగా ఉండండి, షరతుల జోలికి పోకండి. అసైన్‌మెంట్లన్నీ పూర్తి చేసినట్టు చూపిస్తేనే ఇస్తారు. ఆఖరి అసైన్‌మెంట్ 'మొదటి లక్ష సంపాదించండి'. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఇది కూడా మర్చిపోండి.

పిన్నికి ఇవన్నీ చెప్పడానికి తెనాలి వెళ్లాను. మే నెల, వాకిట్లో కారం ఎండబెట్టి ఉంది. "పిన్నీ, మనకి ముందు ఒక ఫనల్ కావాలి" అన్నాను. "అదేంట్రా?" అంది. "గరాటు లాంటిది, పైనుంచి జనం దిగుతారు..." అంటుండగానే లోపలికి వెళ్లి నూనె పోసే గరాటు తెచ్చి చేతిలో పెట్టింది. "ఇది చాలదూ? ముందు ఆ జాడీలో నూనె పోయ్." పోశాను. పిన్ని ఏటా డాలస్, న్యూజెర్సీలకు ఆవకాయ పంపుతుంది. వాట్సాప్‌లో ఆర్డరు, నోటు పుస్తకంలో లెక్క, కొరియరువాడి దగ్గర వాక్యూమ్ ప్యాకింగ్. తినే వస్తువు అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలని నాకు చెప్పింది కూడా ఆవిడే, కాగితం గోడకు తగిలించి ఉంది. నా కోర్సులో ఆ మాట ఏ మాడ్యూల్‌లోనూ లేదు. చార్టు మీద విల్లా బొమ్మ అంటించావా అని ఆవిణ్ని అడగబుద్ధి కాలేదు.

ఆర్డర్లు నేరుగా తనకే రావాలని సైట్‌లో పిన్ని నంబరే పెట్టాను. రెండేళ్లలో ఆ సైటు చూసి వచ్చిన ఫోను ఒకే ఒక్కటి. పోయిన నెల, మధ్యాహ్నం పూట. పిన్నే చెప్పింది.

"ఎవరో కుర్రాడురా నాన్నా. మేడమ్, మీ వెబ్‌సైట్ చూశాను, మీకు రావలసినంత బిజినెస్ రావట్లేదు, మా దగ్గర ఒక కోర్సుంది అన్నాడు. గొంతు నీరసంగా ఉంది. అన్నం తిన్నావా నాయనా అన్నాను. హాస్టల్ కూడు మేడమ్ అన్నాడు."

"ఏం చేశావ్?"

"అరకిలో ఆవకాయ పంపాను. డబ్బులు ముందే వేయించుకున్నాలే."