మీ డాబాయే మా ల్యాబు!

‘25 ఏళ్ల గ్యారంటీ అండీ! ఎండకీ వానకీ చెక్కు చెదరదు!’ సోలార్ ప్యానెల్ అమ్మేవాళ్లందరిదీ ఇదే పాట. బాగుంది. ఆ పాతికేళ్లూ ఎవరు చూసొచ్చారు?

పరీక్ష లేదనడం లేదు. ఐఈసీ 61215 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో ప్యానెల్‌ను 1000 గంటలు ఉడకబెడతారు. మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు తిప్పుతారు. మంచుగుండ్లతో కొడతారు. తట్టుకుంటే పాస్. ఇంతకీ 1000 గంటలంటే ఎంత? 42 రోజులు! ఆదిలోనే చేతులెత్తేసే సరుకును ఏరేయడానికి పెట్టిన పరీక్ష అది. పాతికేళ్ల ఆయుష్షుకు రాసిచ్చిన జాతకం కాదు. ఈ ముక్క ఏ కరపత్రంలోనైనా చదివారా?

ప్యానెల్ వెనక రాసే వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గరున్నప్పుడు కొలిచినవి. వేడెక్కేకొద్దీ కరెంటు ఉత్పత్తి తగ్గుతుంది. మే నెల రెంటచింతలలో మిట్టమధ్యాహ్నం 25 డిగ్రీల ప్యానెల్ ఎక్కడుందో కాస్త చూపిస్తారా? కాకినాడ, విశాఖల ఉప్పుగాలికి వేరే పరీక్ష ఉంది. ఆ సర్టిఫికెట్ అడగాలని మీకెవరైనా చెప్పారా?

ఇక బిగింపు వైభోగం. ప్యానెల్ మీదే నిలబడి నట్లు బిగించేస్తుంటారు. లోపల సెల్ చిట్లుతుంది. పైకి గాజు నిగనిగలాడుతూనే ఉంటుంది. ల్యాబులో గట్టెక్కిన సరుకు డాబా మీద అరగంటలో ఫట్! బిగించే కుర్రాళ్లను అని ఏం లాభం? వాళ్లకు పని నేర్పిందెవరు?

ఇదేం కొత్త సంగతి కాదు. ఐఐటీ బాంబే, జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి దేశమంతా తిరిగి ప్యానెళ్లను కొలిచాయి. వేడి ప్రాంతాల్లో అరుగుదల ఎక్కువని, ఇంటి కప్పుల మీది చిన్న ప్లాంట్ల గతి మరీ అధ్వానమని 2016 సర్వేలోనే తేల్చాయి. విన్నదెవరు? 2024లో ఇంటి కప్పుల సోలార్‌కు కేంద్రం సూర్యఘర్ పథకం తెచ్చింది. లక్ష్యం కోటి ఇళ్లు! 78 వేల దాకా సబ్సిడీ! అమర్చిన కంపెనీకి నిర్వహణ బాధ్యత మాత్రం అయిదేళ్లే. మిగతా ఇరవయ్యేళ్లు ఎవరి నెత్తిన?

మీ నెత్తినే. అసలు పరీక్ష మీ డాబా మీదే జరుగుతోంది. ఖర్చు మీది, ఈఎంఐ మీది. ఫలితం రాసుకునే నాథుడే లేడు.

అయ్యా పెద్దలూ! అంత నమ్మకముంటే ఏటా ప్రతి జిల్లాలో వంద డాబాలెక్కండి. మీటరు పెట్టి కొలవండి. కంపెనీల పేర్లతో సహా అంకెలు బయటపెట్టండి. రిబ్బన్ కత్తిరించడానికి ఎక్కిన మెట్లే కదా, కొలవడానికి మాత్రం మోకాళ్ల నొప్పులా?