నా మాట విని కదిలిన ఊరు: ఒక పాత రేడియో ఆత్మకథ

నేను మర్ఫీ వాల్వు రేడియోను. పుట్టింది థానే ఫ్యాక్టరీలో, పెరిగింది గుడివాడ దగ్గర ఒక పల్లెలో. మెరుగు పెట్టిన చెక్క పెట్టె, స్పీకరు మీద బంగారు రంగు గుడ్డ, రెండు పక్కలా గుండ్రటి మీటలు. తిప్పగానే పలికే జాతి కాదు మాది. వాల్వులు వేడెక్కాలి, డయలు వెనక దీపం వెలగాలి, లోపల సన్నగా గుర్రుమనాలి. ఆ తర్వాతే గొంతు. అంతసేపూ ఊపిరి బిగబట్టి నా వంక చూసిన ముఖాలు నాకింకా గుర్తే.

నన్ను కొన్నది ఆ ఊరి బడి మాస్టారు. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి 15 రూపాయలు కట్టి, నా లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకొచ్చేవారు. అంత డబ్బు పోసి కొన్న వస్తువును నట్టింట్లో దాచుకున్నా ఎవరూ కాదనరు. ఆయన దాచలేదు. అరుగు మీదికి తెరుచుకునే కిటికీ దగ్గర బల్ల వేసి, నా ముఖం వీధి వైపు తిప్పి పెట్టారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి నుంచి రైతుల కార్యక్రమం ‘పాడిపంటలు’ వచ్చే వేళకు అరుగు నిండిపోయేది.

ఆ రోజుల్లో ఆకాశవాణి రైతులకు వినిపించి ఊరుకోలేదు, వాళ్లను పనిలోకి దింపాలని పూనుకుంది. 1956లో యునెస్కో సాయంతో పుణె చుట్టుపక్కల సుమారు 150 పల్లెల్లో శ్రోతల సంఘాలు పెట్టింది. ఊరికి ఓ ఇరవై మంది. వారానికి రెండుసార్లు కూర్చుని వినాలి, విన్నదాన్ని చర్చించాలి, నిర్ణయించుకున్నది చేసి చూపాలి. వాళ్ల సందేహాలు కేంద్రానికి చేరేవి, జవాబులు మళ్లీ రేడియోలోనే వచ్చేవి. ఆ ఊళ్లలో కొన్ని బావులు తవ్వుకున్నాయి, కొన్ని మేలుజాతి ఆబోతులను కొన్నాయి, కొన్ని బాల్వాడీలు పెట్టుకున్నాయి. 1959లో ఆ పద్ధతి దేశమంతటా మొదలైంది.

మా అరుగు కూడా అలాగే మారింది. కంపోస్టు ఎరువు గురించి విన్న మర్నాడే మాస్టారు, నలుగురు రైతులు కలిసి బడి వెనక గుంట తవ్వారు. పేడ ఒకరిది, చెత్త ఇంకొకరిది, బండి మరొకరిది. ఎరువు అమ్మగా వచ్చిన డబ్బుతో బీదపిల్లలకు పలకలు, బలపాలు కొన్నారు. ఆ తర్వాత ‘పాడిపంటలు’ ఒక్కరోజు తప్పినా వాళ్లకు తోచేది కాదు. అప్పుడు నాకు తెలిసింది, మనిషిని రేడియో దగ్గర కూర్చోబెట్టేది గొంతులోని తీపి అయితే, మళ్లీ మళ్లీ రప్పించేది ఆ గొంతు చేయించిన పని అని.

ఆదివారం మధ్యాహ్నం అరుగు పిల్లలది. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు వాళ్లకు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. మద్రాసు కేంద్రంలో పిల్లల కార్యక్రమం మొదలుపెట్టిన ఆ దంపతులు కథ చెప్పి ఊరుకోలేదు. 1940లో బాలానంద సంఘం స్థాపించారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. ఊరూరా పిల్లలు కూడి పాటలు నేర్చుకున్నారు, నాటికలు వేశారు. పిల్లల కోసం సొంత కష్టంతో ఇంత చేసినవాళ్లను తెలుగిళ్లు తోడబుట్టినవాళ్లనుకున్నాయి. మా అరుగు మీది పిల్లలు వాళ్లను కళ్లారా చూడకపోయినా అన్నయ్య, అక్కయ్య అనే పిలిచేవారు.

రేడియో పిలిచి మంచి పని చేయించడం మా మర్ఫీల పుట్టింట్లోనూ కొత్త కాదు. ఇంగ్లండులో మర్ఫీ కంపెనీ పుట్టిన 1929లోనే, క్రిస్మస్ రోజున విన్‌స్టన్ చర్చిల్ బీబీసీలో మాట్లాడి, చూపులేనివారికి రేడియోలు ఇవ్వడానికి విరాళాలు అడిగారు. అంతకు ముందే లండన్‌లోని సెయింట్ మార్టిన్ చర్చి పాదరీ డిక్ షెపర్డ్ నిలువ నీడ లేనివారి కోసం క్రిస్మస్ విరాళం అడగడం మొదలుపెట్టారు. ఆ పిలుపు ఇప్పటికీ ఏటా క్రిస్మస్ ముందు బీబీసీలో వినిపిస్తూనే ఉంది. అడిగిన మనిషి పోయినా వినేవాళ్లు, ఇచ్చేవాళ్లు పోలేదు.

నా బతుకులో పెద్ద పరీక్ష 1977 నవంబరు 19న వచ్చింది. దివిసీమను ఉప్పెన ముంచేసింది. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. మా ఊళ్లో కరెంటు స్తంభాలు ఒరిగాయి, నేను మూగబోయాను. కరెంటు వచ్చిన సాయంత్రం అరుగు చాలక జనం వీధిలో నిలబడ్డారు. వార్తలు అయ్యాక ఎవరూ ఇంటిదారి పట్టలేదు. మాస్టారు నన్ను ఆపి, అరుగు మీద ఒక దుప్పటి పరిచారు. ఆడవాళ్లు చేటలతో బియ్యం తెచ్చి పోశారు. ఉతికి మడతపెట్టిన చీరలు, పంచెలు వచ్చాయి. ఒక ముసలమ్మ చింతపండు ముద్ద, ఉప్పు పొట్లం పెట్టి వెళ్లింది. తెల్లారి అవన్నీ లారీలో అవనిగడ్డ వైపు వెళ్లాయి. ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేసిన రోజులవి. ఆ దుప్పటి పరిచింది నా ముందే అన్న గర్వం నాకు ఈనాటికీ ఉంది.

మాస్టారు పోయాక నా వైభవం కూడా పోయింది. హాల్లోకి టీవీ వచ్చింది. బల్ల దానికిచ్చారు, నా మీది అల్లిక గుడ్డ కూడా దానికే కప్పారు. నన్ను వంటింటి అలమరలో పెట్టారు, ఆనక అటక ఎక్కించారు. ఒక వాల్వు మాడిపోతే మార్పించలేదు. డయలు తాడు పుచ్చి తెగింది, ముల్లు ఒక అంకె దగ్గరే నిలిచిపోయింది. ఎలుకలు స్పీకరు గుడ్డ కొరికి లోపల పిల్లలు పెట్టాయి. పిల్లవాడెవరో మీటలు ఊడబెరికి చక్రాల బండి చేసుకున్నాడు. వాడి మీద నాకు కోపం లేదు, వాడికి నేనెవరో చెప్పినవాళ్లు లేరు. నా బాధ పెద్దవాళ్ల మీదే. ఆ ఎరువు గుంట, ఆ దుప్పటి, ఆ బియ్యం వాళ్లు కళ్లారా చూశారు. అయినా పండక్కి ఇల్లు దులిపిన రోజు నా లైసెన్సు పుస్తకం చెత్తతోపాటు కాల్చేశారు. పాతసామాన్లవాడు నన్ను తూకం వేసి కొన్నాడు. చెక్కకు ఒక ధర, రాగి తీగకు ఒక ధర. ఊరిని కదిలించిన గొంతుకు ధర లేదు.

చేతులు మారి హైదరాబాదులో పాత వస్తువులమ్మే జుమేరాత్ బజార్ చేరాను. అక్కడ నా పక్కనే జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన చిన్న ఎఫ్ఎం రేడియో ఉండేది. ఎఫ్ఎం నా డయలుకు అందదు. అందుకే ఆ చిన్న రేడియో మాటల్లోనే సంఘం రేడియో గురించి విన్నాను. మాచ్‌నూరు అనే ఊళ్లో, 90.4 మీద, 2008 అక్టోబరు 15న మొదలైందట. నడిపేది దళిత మహిళలు, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల సభ్యులు. 1998లోనే స్టూడియో సిద్ధమైనా అనుమతి రాలేదు. అయినా వాళ్లు ఆగలేదు, కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్లు సంఘాల్లో వినిపించారు. ఆ ఆడవాళ్లు సంఘం దగ్గర విత్తనాలు తీసుకుని, పంట వచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తారు. పండించిన జొన్నలు ఊళ్లోనే నిలవచేసి పేదింటికి చౌకగా అందించినవాళ్లు వాళ్లు. రేడియోలో మాట్లాడేదీ ఆ విత్తనాల గురించే, ఆ జొన్నల గురించే. చెప్పేవాళ్లు, చేసేవాళ్లు, వినేవాళ్లు ఒక్కరే అయినప్పుడు శ్రోతలు ఎక్కడికి పోతారు?

రేడియో నడిపేవాళ్లకు నా మనవి ఒక్కటే. బహుమతి కోసం ఫోను చేసిన శ్రోత బహుమతి చేతికి రాగానే స్టేషను మారుస్తాడు. మీరు పిలిస్తే రక్తం ఇచ్చినవాడు, మీ మాట విని బడికి పుస్తకాలు మోసినవాడు మారడు. విరాళం అడిగితే లెక్క అదే గొంతుతో చెప్పండి. సాయం ఎవరికి చేరిందో వినిపించండి, వాళ్ల బీదరికాన్ని మాత్రం అమ్ముకోకండి. ఇక వినేవాళ్లకు: మీ ప్రాంతంలో ఊరి మంచికి పాటుపడే రేడియో కేంద్రం ఉంటే ఇవాళే దాన్ని పెట్టుకుని వినండి. అది ఏ పనికి పిలుస్తుందో తెలుసుకుని, మీరూ వెళ్లి ఒక చెయ్యి వేయండి.