నన్ను విప్పేసే రోజు కోసం

నేను నడుం బెల్టును. సాగే గుడ్డ, వెనక నిలువునా కుట్టిన నాలుగు బద్దలు, పొట్ట దగ్గర ఒకదానికొకటి అతుక్కునే పట్టీలు. అంతే నా ఒళ్లు. మందుల షాపులో అట్టపెట్టెలో ఉన్న నన్ను వెన్ను ఆపరేషన్ అయిన ఒకావిడ కోసం కొన్నారు. ఆవిడది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గర పల్లె.

ఆవిడ నడుం కథ నాకంటే ముందే మొదలైంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం అనే ఈ తీరప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. వీళ్ల తోట కూడా మిగల్లేదు. మళ్లీ నాటిన జీడి మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది, కొబ్బరికి ఇంకా ఎక్కువ. అందాకా ఇల్లు గడవాలి కనుక ఆవిడ పలాసలో జీడిపప్పు పనికి చేరింది. నేలమీద కూర్చుని, ముందుకు వంగి, పప్పుమీద పొట్టు ఒలవడం, గుండ్లూ ముక్కలూ వేరుచేయడం. ఇంటికొస్తే మళ్లీ వంగే పనులే. చివరికి పిర్ర నుంచి మడమ దాకా లాగే నొప్పి పట్టుకుంది, పాదం తిమ్మిరెక్కింది. నాలుగో, ఐదో నడుం పూసల మధ్య డిస్కు జారి, కాల్లోకి వెళ్లే నరాన్ని నొక్కుతోందని స్కానింగులో తేలింది. ఇలాంటి నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. ఆవిడకు తగ్గలేదు. పాదంలో బలం పోవడం మొదలయ్యాక కోత తప్పలేదు.

ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు సర్జన్ చెప్పిన మాట నేను ఆవిడ ఒంటిమీద ఉండే విన్నాను. నరంమీద ఒత్తిడి తీశాం, డిస్కును కొత్తగా చేయలేదు, అదే చోట మళ్లీ జారవచ్చు, ఇకమీదట కాపాడుకోవాల్సింది మీరే అన్నాడు.

నేనే కాపాడతానని చాలామంది అనుకుంటారు. నేను నడుముకు బలం ఇవ్వను. వంగబోతే నా బద్దలు వీపుకి ఒత్తుకుంటాయి, ఆవిడ ఆగుతుంది. ఆపడం వరకే నా పని. అందుకే కొందరు సర్జన్లు నన్ను రాస్తారు, కొందరు అసలు రాయరు. సముద్రపు గాలికి ఊరే చెమటలో నన్ను నేరుగా ఒంటిమీద కడితే దద్దుర్లు లేస్తాయి. లోపల పల్చటి నూలు జాకెట్టు ఉండాలి.

మొదట్లో అన్నిటికంటే గండం పొద్దుటిపూటే. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. జర్మనీలోని ఉల్మ్‌లో పరిశోధకులు ఒక మనిషి నడుం డిస్కులోనే పరికరం పెట్టి ఒత్తిడి కొలిచి, ఆ లెక్కలు 1999లో ప్రచురించారు. పడుకోగానే 0.1 మెగాపాస్కల్ ఉన్న ఒత్తిడి తెల్లారేసరికి 0.24కి పెరిగింది. లేవగానే వంగితే ఆ ఉబ్బిన డిస్కు మీదే భారం పడుతుంది. మన పల్లెల్లో ఆడవాళ్లు లేస్తూనే చేసేదేమిటి? పొట్టి చీపురుతో ముంగిలి ఊడ్చి, నీళ్లు జల్లి, నడుం వంచి ముగ్గు పెట్టడం! అత్తగారు ఆ పని తన మీద వేసుకుంది. "నువ్వలా నడిసిరాయే, ముంగిట్లో నీళ్లు నాను జల్లుతాను" అంది. ఇంత మంచి మందు ఏ షాపులోనూ అమ్మరు. మంచం మీంచి లేవడం కూడా మారింది. ఒళ్లంతా ఒకేసారి పక్కకు తిప్పి, కాళ్లు కిందకి దించి, మోచేత్తో మంచాన్ని నొక్కి లేస్తుంది. నేలమీద చాప మానేసింది. మరుగుదొడ్డికి కుర్చీలాంటి కమోడ్ తెచ్చారు.

తర్వాతి గండం నీళ్ల క్యాన్. ఎంతోమందికి కిడ్నీలు పాడవుతున్న ఉద్దానంలో ఆ జబ్బు భయంతో క్యాన్ నీళ్లు కొనుక్కునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు. ఉల్మ్ ప్రయోగంలోనూ సరిగ్గా ఇరవై కిలోలే ఎత్తించారు. నిలబడినప్పుడు 0.5 ఉన్న ఒత్తిడి, వీపు వంచి ఎత్తితే 2.3కి, మోకాళ్లు వంచి ఎత్తితే 1.7కి చేరింది. మోకాళ్లు వంచినా మూడింతలు దాటిందంటే, ఆపరేషన్ అయిన నడుం ఆ క్యాన్ జోలికి వెళ్లకూడదు. తెచ్చిన కుర్రాడే ఎత్తు అరుగుమీద పెట్టి వెళ్తాడు, ఆవిడ నిలబడి చెంబుతో తీసుకుంటుంది. కుళాయి దగ్గర బిందె చంకనెత్తుకోవడం పోయింది, చిన్న చెంబులే రెండుసార్లు మోస్తుంది.

నడక మాత్రం ఆపలేదు. మొదట ఇంటి ముందు కొద్ది నిమిషాలు, తర్వాత కొబ్బరితోటల మధ్య సిమెంటు రోడ్డుమీద. కాలు దిగబడే ఇసుకలోకి వద్దన్నారు. టెక్కలిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, వెల్లకిలా పడుకుని పొట్ట బిగించే వ్యాయామాలు నేర్పింది. నా బదులు ఆవిడ కండరాలే నడుమును పట్టుకోవాలన్నది ఆ అమ్మాయి పట్టుదల. నాదీ అదే.

చుట్ట కూడా మానేసింది. మన జిల్లాలో మండే కొనను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలో పాతది. డిస్కుకు తన రక్తనాళాలు దాదాపు ఉండవు, ఎక్కువగా పైనా కిందా ఉన్న పూసల నుంచే దానికి పోషణ అందాలి. పొగాకులోని నికోటిన్ ఆ దారిని ఇరుకు చేస్తుంది.

ఇక మాత్రల సంగతి. దీని గురించి నేను గట్టిగానే చెప్పాలి. నొప్పి తిరగబెట్టిన ఒక సాయంత్రం పక్కింటావిడ వచ్చి "రెండు బిళ్లలేసుకోయే, బేగి తగ్గిపోద్ది" అని చేతిలో పెట్టబోయింది. "వొద్దప్పా, డాక్టరు రాసినవే ఏసుకుంటాను" అంది మా ఆవిడ. అప్పటికే పుట్టింటి వైపు డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లను చూసిన మనిషి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి, సరిపడా నీళ్లు తాగని ఒంట్లో ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఉద్దానంలో కిడ్నీలు ఇన్ని ఎందుకు పాడవుతున్నాయో కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, హిరమండలం జలాశయం నీళ్లను పల్లెలకు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. కారణం తెలిసేదాకా, కిడ్నీని దెబ్బతీస్తుందని తెలిసినదాన్నయినా నోట్లో వేసుకోకుండా ఉండాలి కదా. ఇక్కడ నడుం జాగ్రత్త అంటే కిడ్నీ జాగ్రత్త కూడా. నొప్పి తక్కువుంటే బిళ్ల అవసరమూ తక్కువ.

కొన్ని వారాలకు సర్జన్ నన్ను కొద్దికొద్దిగా విప్పమన్నాడు. ఎక్కువకాలం కడితే కండరాలు పని మరిచి బలహీనపడొచ్చు. ఆవిడ మొదట భయపడింది. అయినా ముందు ఇంట్లో, తర్వాత నడకలో నన్ను వదిలేసింది. డాక్టరు సరేనన్నాక పనికి వెళ్లి మేస్త్రీని అడిగింది: "బల్ల ఎత్తులో పెట్టి ఒలుస్తాను, అరగంటకోసారి లేస్తాను." ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆ వరసలో ఇంకొందరు బల్ల దగ్గరే కూర్చుంటున్నారు. నిజానికి నడుం పోకముందే అందరికీ ఇవ్వాల్సిన బల్ల అది.

నడుం ఆపరేషన్ అయినవాళ్లకు నాది ఒక్క విన్నపం. నొప్పి మాత్ర ఏది వాడాలన్నా ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని డాక్టరుకు చూపించండి. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కనిపించినా వెంటనే ఆయన దగ్గరకే వెళ్లండి. కాలు ఉన్నట్టుండి బలం కోల్పోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా సరే, బండి కట్టించుకుని పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.