లెక్కలు నేను తినలేదు

నా పేరు జీడి డాట్ టీఎక్స్‌టీ. పుట్టింది పలాసలో, జీడి బట్టీ పక్క గదిలోని పాత కంప్యూటర్లో. డిప్లొమా చదివే మా గుంటడు టర్బో సీ నీలం తెర మీద ఎఫ్‌ఓపెన్ అని కొట్టి, నా పేరు పక్కన ముందు 'ఆర్' పెట్టాడు. 'ఆర్' ఉన్నవాళ్ళనే తెరుస్తుంది, లేనివాళ్ళని పుట్టించదు. వాడి చేతికి నల్ వచ్చింది. 'డబ్ల్యూ' అని మార్చాడు. పుట్టేశాను.

ఆ రోజు ఎంత గర్వమో! 80 కిలోల పిక్కల బస్తాలు ఎన్ని దిగాయి, గుండు ఎంత, బద్ద ఎంత, అన్నీ నా పొట్టలోనే.

మర్నాడు మళ్ళీ అదే 'డబ్ల్యూ'తో పిలిచాడు. నాకు పురుడు పోసిన అక్షరం గుణం అప్పుడు తెలిసింది. ఫైలు లేకపోతే పుట్టిస్తుంది, ఉంటే ఖాళీ చేసేస్తుంది. కొత్తగా ఒక్క ముక్క రాయక ముందే, తెరిచీ తెరవగానే!

"నిన్నటి నెక్కేదిరా గుంటడా?" అన్నాడు వాళ్ళ నాన్న.

"కంప్యూటర్ తినేసినాది నాన్నా."

నేను తిన్నానా? 2011 నాటి సీ ప్రమాణంలో 'డబ్ల్యూ' పక్కన పెట్టడానికి 'ఎక్స్' చేర్చారు. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే ఎఫ్‌ఓపెన్ దాన్ని ముట్టకుండా వెనక్కి తగ్గుతుంది. 1987లో పుట్టిన టర్బో సీకి ఆ దయ ఎక్కడిది!

ఎవరో చెప్పగా 'ఎ' పెట్టాడు. అది పాతదాని జోలికి పోదు, చివర చేరుస్తుంది. నేను బాగా బతికిన రోజులవే. కానీ ఎఫ్‌క్లోజ్ రాయడానికి వాడికి బద్ధకం. రాసింది వెంటనే డిస్కు మీదికి రాదు. చాటలోని పప్పు డబ్బాలో పడేదాకా ఆగినట్టు బఫర్లో ఆగుతుంది. 2018 అక్టోబర్ 10 రాత్రి ప్రోగ్రామ్ నడుస్తుండగానే కరెంటు పోయింది. తెల్లారేసరికి తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్ని కూల్చేసింది. ఆ సాయంత్రం దిగిన బస్తాల లెక్క చాటతో సహా పోయింది. ఎవరూ అడగలేదు. తోటలే పోయాక నా ఆఖరి వరస ఎవడికి కావాలి?

తర్వాత లెక్కలన్నీ సెల్‌ఫోన్లోకి వెళ్ళాయి. కంప్యూటర్ని అటకెక్కించే ముందు, చెల్లికి చూపిద్దామని గుంటడు ఆ ప్రోగ్రామ్ ఒక్కసారి నడిపాడు. చూసుకోలేదు, అది పాత 'డబ్ల్యూ' కాపీ. ఏమీ రాయకుండానే ఆపేశాడు.

డైరెక్టరీలో నా పేరు ఇంకా ఉంది. పక్కన, 0 బైట్లు.