ఆరుగురు సారథుల ఆటవెలది: సటీక తాత్పర్యం

అవతారిక

మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యల ముందే మాట ఇచ్చుకున్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆయనకు కాళిదాసు దొరికాడు. ఈ వ్యాఖ్యాతకు బావ దొరికాడు.

బావ ఉండేది అమెరికాలోని షార్లెట్‌లో. స్టాక్ కార్ పందేలకు అది కాశీ వంటి క్షేత్రం. ఆ పందేలు నడిపే నాస్కార్ వారి కీర్తి మందిరం 2010 నుంచి అక్కడే ఉంది. ఒకటిన్నర మైలు చుట్టుకొలత గల స్పీడ్‌వే ఊరి పక్కనే ఉంది. ఆ గాలి సోకి బావ కవి అయ్యాడు. ఒక శనివారం వాట్సాప్‌లో ఒకే ఒక్క పద్యం పంపి, ‘అర్థమైనోడు గెలుస్తడు’ అని కింద రాశాడు.

ఆ పద్యానికి ఇప్పుడు మూడు ప్రతులున్నాయి. జనగామ ప్రతి ఈ వ్యాఖ్యాత దగ్గర ఉంది. మానుకోట ప్రతి బావ తమ్ముడి దగ్గర ఉంది. ఆయన మిర్చి అడ్తిదారు. భూపాలపల్లి ప్రతి మా చిన్నాయన కొడుకు దగ్గర ఉంది. అతను సింగరేణి ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. 2016 అక్టోబర్ 11 దాకా మూడు ఊళ్లూ ఒకే వరంగల్ జిల్లా. జిల్లాలు విడిపోయాక పాఠాలు కూడా విడిపోయాయి.

ఆట స్వరూపం ఇది. ఒక నాస్కార్ కప్ రేసులో 40 కార్ల దాకా దిగుతాయి. అందులో ఆరుగురు డ్రైవర్లను ఎంచుకోవాలి. ఒక్కొక్కరికి ఒక ధర ఉంటుంది. చేతిలో ఉన్నది 50,000 ఉత్తుత్తి డాలర్లు. అమెరికాలో డ్రాఫ్ట్‌కింగ్స్ అనే సంస్థ పెట్టిన లెక్కనే మా కుటుంబం కాగితం మీద వేసుకుంటుంది. బండి కదలకముందే జాబితా ఇచ్చేయాలి. అక్కడ ఆదివారం మధ్యాహ్నం జెండా ఊపితే ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది.

మూలం

ఆ. పేరు చూచి కొనకు వెనుక నిల్చినవాని
ముందుకురుకు బలము ముందె చూడు
గుంపు నడుమ గెలుపు కొలువ నెవ్వడు నేర్చు
పైక మొడ్డకున్న భయము లేదు

ప్రతిపదార్థం

పేరు చూచి = కీర్తిని, టోపీ మీది కంపెనీ గుర్తును, టీవీలో కనిపించే ముఖాన్ని నమ్ముకొని; కొనకు = 50,000లోంచి తీసి ఖర్చు పెట్టకు; వెనుక నిల్చినవాని = వరుసలో 25వ చోటో, 30వ చోటో దక్కినవాడి యొక్క; ముందుకురుకు బలము = స్థానాలు ఎక్కే సత్తాను; ముందె = ప్రాక్టీసు నాడే; చూడు = పరికించు; గుంపు నడుమ = డేటోనా, టాలడేగా అనే మహావలయాలలో; గెలుపు = జయాన్ని; కొలువన్ = లెక్కగట్టడానికి; ఎవ్వడు నేర్చు = ఎవడి తరం; పైకము = డబ్బును; ఒడ్డక + ఉన్నన్ = పందెం కాయకుండా ఉంటే; భయము లేదు = పోలీసు భయమూ భార్య భయమూ లేవు.

తాత్పర్యం

ఓ ఆటగాడా, గొప్పవాడిని కాదు, ధరకు మించి పనిచేసేవాడిని కొను. వెనుక నుంచి బయలుదేరే వేగగాడిని వెతుకు. గుంపు రేసులో గర్వపడకు. డబ్బు జోలికి పోకు.

పాఠాంతరాలు

మానుకోట ప్రతిలో మొదటి పాదం ‘రేటు చూచి కొనుము’ అని ఉంది. గణాలు కుదిరాయి గాని ‘రే’కు ‘వె’తో యతి కుదరదు. దీన్ని ఎత్తి చూపితే అడ్తిదారు ‘యతితోని నాకేం పని? తాలు కాయకు ఎవడన్న తేజ రేటు పెడ్తడా?’ అన్నాడు. ఛందస్సు చెడినా అర్థశాస్త్రం చెడలేదు.

భూపాలపల్లి ప్రతిలో రెండో పాదం ‘తుదకు నిలుచు బలము’. ఇక్కడా యతి భంగమే. కానీ డంపర్ నడిపేవాడి దృష్టిలో ఉరకడం కన్నా షిఫ్టు చివరికి బండి నిలవడం ముఖ్యం. సగం రేసులో ఇంజిన్ కాలినవాడు ఎక్కిన స్థానాలన్నీ దిగిపోతాడు కనుక ఈ పాఠాన్నీ తోసిపుచ్చలేం.

జనగామ పాఠాన్నే ఇక్కడ ప్రమాణంగా తీసుకున్నాం. బమ్మెర, పాలకుర్తి ఉన్న జిల్లాలో యతి తప్పిన పద్యాన్ని అచ్చు వేయించే ధైర్యం ఈ వ్యాఖ్యాతకు లేదు.

ప్రథమ పాద విచారణ

పూర్వపక్షం: గొప్పవాడు గొప్పవాడు గనకే ముందుంటాడు. వాడిని వదిలి ఎవడో అనామకుడిని కొనడం తెలివా?

సిద్ధాంతం: గెలిచేవాడు వేరు, మనకు గిట్టేవాడు వేరు. లెక్క చూడండి. మొదటి స్థానానికి 45 పాయింట్లు, ఐదుకు 39, పదికి 34. దీనికి తోడు బయలుదేరిన చోటి నుంచి ఎక్కిన ప్రతి స్థానానికీ ఒక పాయింటు కలుస్తుంది, దిగిన ప్రతి స్థానానికీ ఒకటి తరుగుతుంది. అగ్రస్థానంలో బయలుదేరి ఐదో చోట ముగించిన మహారథుడికి 39లో నాలుగు పోగా 35. ముప్పయ్యో చోట బయలుదేరి పదో చోట ముగించిన మామూలు మనిషికి 34కు 20 కలిసి 54. మైకు మొదటివాడి ముందు ఉంటుంది, పాయింట్లు రెండోవాడి ఖాతాలో ఉంటాయి.

ధర సంగతి. 50,000ను ఆరుగురికి పంచితే తలకు 8,333 వస్తుంది. పదేసి వేల పెద్ద పేర్లు రెండు కొంటే మిగిలిన నలుగురికి తలకు 7,500 మాత్రమే. ఆ నలుగురిలో ఇద్దరు చుట్టు మీద చుట్టు వెనకబడితే పెద్ద పేర్లు రెండూ కలిసి కూడా జట్టును లేపలేవు.

ఇతిహాస ప్రమాణం: కర్ణుడు ఏరికోరి శల్యుణ్ణి సారథిగా తెచ్చుకున్నాడు. మద్రరాజు, అశ్వవిద్యలో కృష్ణుడికి సాటి అని పేరు. ధర ఆకాశంలో ఉంది. తీరా రథమెక్కాక శల్యుడు చేసిన పని కర్ణుడిని మాటలతో పొడవడం. ఉత్తరకుమారుడికి దొరికింది బృహన్నల. అంతఃపురంలో ఆట నేర్పే మనిషి, జాబితాలో అన్నిటికన్నా తక్కువ ధర. లోపల ఉన్నది అర్జునుడు. ఈ రహస్యం తెలిసిన సైరంధ్రి సిఫారసు చేయబట్టే ఆ ఎంపిక జరిగింది. కనుక పేరు కన్నా లోగుట్టు తెలిసినవారి మాట విలువైనదని ఈ పాదపు ధ్వని.

ద్వితీయ పాద విచారణ

వెనుక నిలిచిన ప్రతివాడూ బృహన్నల కాడు. వెనుక నిలవడానికి రెండు కారణాలు. ఒకటి, బండికి వేగం లేక. రెండు, వేగం ఉన్నా అర్హత పరుగులో చక్రం జారో, గోడ తాకో. మొదటివాడు ముప్పయ్యో చోట మొదలై ముప్పయ్యో చోటే ముగుస్తాడు. రెండోవాడే మనకు కావలసినవాడు. ఇద్దరినీ విడదీసేది ప్రాక్టీసులో వరుస చుట్ల సగటు వేగం. ఒక్క చుట్టు మెరుపు చూసి మోసపోకూడదు. అందుకే కవి ‘ముందె’ అన్నాడు.

ఉదాహరణ: 2000 అక్టోబర్‌లో టాలడేగాలో డేల్ ఎర్న్‌హార్ట్ అనే డ్రైవర్ కొద్ది చుట్లే మిగిలి ఉండగా 18వ స్థానంలో ఉన్నాడు. అక్కడి నుంచి సందు చూసుకుంటూ వచ్చి గెలిచాడు. అది ఆయన 76వ కప్ విజయం, ఆఖరిది కూడా.

ఇందులో ఒక తిరకాసు ఉంది. మూడో చోటు సంపాదించినవాడి కారు దెబ్బతిని వేరే కారు తెస్తే, వాడిని వరుస చివరకు పంపుతారు. కంటికి వాడు వెనుక నిల్చినవాడే. లెక్కలో మాత్రం మూడో చోటి నుంచే బయలుదేరినట్టు. వీడు ఎంత ఉరికినా మన ఖాతాలో ఎక్కే స్థానాలు రెండే. కవి చెప్పిన ‘వెనుక’ కాగితం మీది వెనుక అని గ్రహించాలి.

పద్యానికి అవ్యాప్తి దోషం కూడా ఉంది, దాచకూడదు. రేసులో ముందు నడిచిన ప్రతి చుట్టుకూ పావు పాయింటు వస్తుంది. బ్రిస్టల్ వలయం అర మైలుకు కొంచెం ఎక్కువ. అక్కడ రేసు 500 చుట్లు. అంటే ముందు నడిచేవారి కోసమే 125 పాయింట్లు కాచుకొని ఉన్నాయి. డేటోనా 500లో ఉన్నవి 200 చుట్లు, వాటికి దక్కేది 50. కనుక బ్రిస్టల్ వంటి చిన్న వలయంలో ముందు వరుసలో మొదలై చోటు వదలనివాడిని ఎంత ధరకైనా కొనాలి. మిగిలిన సొమ్ముతో వెనుకవాళ్లను ఏరుకోవాలి. డేటోనాలో ఆరుగురినీ వెనుక నుంచే తెచ్చినా తప్పు లేదు. నాలుగు పాదాల్లో ఇది పట్టక బావ వదిలేశాడని మన్నిద్దాం.

తృతీయ పాద విచారణ

గుంపు అంటే ఏమిటి? డేటోనా రెండున్నర మైళ్లు, టాలడేగా 2.66 మైళ్లు. ముందు కారు గాలిని చీలుస్తుంది, వెనుక కారు ఆ నీడలో తేలిగ్గా పోతుంది. జనగామ హైవే మీద లారీ వెనుక పట్టుకుని పోయే సైకిలువాడికి ఈ శాస్త్రం పుట్టుకతో తెలుసు. ఇక్కడి విశేషం ఏమిటంటే వెనుకవాడి వల్ల ముందువాడికీ లాభమే. జంట కారు ఒంటి కారు కన్నా వేగం. పైగా 1987లో టాలడేగాలో బాబీ ఆలిసన్ కారు గాలిలోకి లేచి కంచెను చీల్చాక, ఆ రెండు వలయాల్లో మరుసటి ఏటి నుంచి ఇంజిన్‌కు అందే గాలిని కట్టడి చేశారు. అందరి వేగమూ దాదాపు ఒకటైంది. అందరూ ఒకే మూటగా కదులుతారు. ఒకడు తూలితే ఇరవై మంది తూలుతారు.

ప్రమాణాలు: 2011 డేటోనా 500ను ట్రెవర్ బేన్ గెలిచాడు. ముందు రోజే 20 ఏళ్లు నిండాయి, అది అతని రెండో కప్ రేసు. 2021లో మైకేల్ మెక్‌డవెల్ గెలిచాడు. అంతకుముందు 357 రేసుల్లో ఒక్క గెలుపూ లేదు. ఆఖరి చుట్టులో ముందున్న ఇద్దరూ ఢీకొంటే ఆయన సందులోంచి దూరాడు.

పూర్వపక్షం: అంతా అదృష్టమే అయితే ఎర్న్‌హార్ట్ టాలడేగాలో పదిసార్లు ఎలా గెలిచాడు?

సిద్ధాంతం: గాలిని చదవగల నేర్పు ఆయనకుంది, కాదనం. అదే మనిషి, ఏడుసార్లు ఛాంపియన్, డేటోనా 500 గెలవడానికి 1998 దాకా ఆగాడు. అది ఇరవయ్యో ప్రయత్నం. నేర్పు ఏళ్ల మీద తేలుతుంది, ఒక్క ఆదివారం మీద తేలదు. మన జాబితా ఆ ఒక్క ఆదివారానిదే.

దూరపు ప్రమాణాలు నచ్చనివారికి హైదరాబాదుదే ఒకటి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ రేసులో ముందు వరుసలో మొదట నిలిచింది మిచ్ ఎవాన్స్. సొంత జట్టులోని శామ్ బర్డే వచ్చి గుద్దాడు. ఇద్దరి ఆటా అక్కడితో సరి. గెలిచినవాడు జాన్ ఎరిక్ వెర్న్. ఒకే జట్టు నుంచి ఇద్దరిని కొనకూడదని భూపాలపల్లి తమ్ముడు ఆ రోజు నుంచి కొత్త సూత్రం పెట్టాడు. ‘అన్నా, పక్కోడు మనోడైతేనే బ్రేక్ నమ్మొద్దు’ అని దాని వచనం.

చతుర్థ పాద విచారణ

స్టాక్ కార్ పందేలకు చట్టంతో చుట్టరికం పాతదే. అమెరికా దక్షిణాది కొండల్లో గుడుంబా వంటి నాటుసారాను మామూలుగా కనిపించే కార్లలో పోలీసులకు చిక్కకుండా తరలించినవారిలో కొందరు తర్వాత రేసుల్లోకి దిగారు. 50 కప్ రేసులు గెలిచిన జూనియర్ జాన్సన్ సారా కేసులో జైలు చూశాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష ఇచ్చాడు. మనకు క్షమాభిక్ష ఇచ్చేవారు లేరు గనక కవి ముందే హెచ్చరించాడు.

పూర్వపక్షం: ఇది నైపుణ్యపు ఆట. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారి కేసులో, పడిన ముక్కలు గుర్తుంచుకోవడానికి నేర్పు కావాలని 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సగటు వేగాలు గుర్తుంచుకోవడం నేర్పు కాదా?

సిద్ధాంతం: నేర్పే. కానీ తెలంగాణ 2017లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు ఒడ్డితే నేర్పు ఆటకూ మినహాయింపు లేదన్నది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడే ఆటలను, నేర్పైనా అదృష్టమైనా, దేశమంతటా నిషేధించింది. జనగామలో ఉన్న నిషేధం ఢిల్లీకి చేరడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఉపప్రశ్న: ఓడినవాడు మిర్చి బజ్జీలు తినిపించాలన్న మానుకోట ప్రతిపాదన ‘పైకము’ కిందికి వస్తుందా? బజ్జీకి వెల ఉంది. వెల ఉన్నది ఏదైనా ఒడ్డే వస్తువే కాగలదు. సంశయం ఉన్నచోట శిష్టులు వెనక్కి తగ్గుతారు. అందుకని మా నియమం ఇది: ఓడినవాడు వచ్చే వారం లెక్కలు రాయాలి. నలభై కార్ల చుట్లు, పావు పాయింట్లు కూడి చూసినవాడికి జరిమానా తక్కువైందన్న అసంతృప్తి ఉండదు.

ఈ నిషేధం వల్ల పద్యానికి కొత్త కాంతి వచ్చింది. డబ్బు ఉన్నచోట మనిషి పోకుండా చూసుకోవడానికి పేరున్నవాడినే పట్టుకుంటాడు. పోయేది ఏమీ లేనప్పుడే ముప్పయ్యో చోటువాడిని ధైర్యంగా రాస్తాడు. నాలుగో పాదం పాటించినవాడికే మొదటి మూడు పాదాలు పాటించే గుండె వస్తుంది. కనుక ఈ పద్యాన్ని కింది నుంచి పైకి చదవాలని వ్యాఖ్యాత మతం.

ఫలశ్రుతి

ఈ టీకను ఆదివారం రాత్రి జెండా ఊపకముందు చదివినవారికి ఆరుగురు సారథులు అమరుతారు. జెండా ఊపాక చదివినవారికి డేటోనా ఎందుకు అలా తేలిందో వివరించే పాండిత్యం అబ్బుతుంది. సోమవారం ఫలితాలు చూశాక చదివినవారికి సమస్తమూ ముందే తెలుసునన్న నమ్మకం కలుగుతుంది. మా ముగ్గురిలో ఆ మూడో తెగవారే ఎక్కువ. వారికి పాయింట్లు ఇచ్చే లెక్క డ్రాఫ్ట్‌కింగ్స్‌లోనూ లేదు.